పడుకోగానే గుండెల్లో మంట: కారం మానేసినా ఎందుకు తగ్గట్లేదు?

రాత్రిమెలకువ

నమస్కారం. పగలు పెద్దగా ఇబ్బంది ఉండదు. రాత్రి పడుకున్న గంటకో గంటన్నరకో ఛాతీ ఎముక వెనక మంట మొదలై గొంతు దాకా పాకుతుంది. కొన్నిసార్లు పుల్లటి నీళ్లు నోట్లోకి వస్తాయి. వారంలో మూడు నాలుగు రాత్రులు ఇదే వరస.

ఇప్పుడు చేస్తున్నవి: కారం, వేపుళ్లు పూర్తిగా మానేయడం, తల కింద మూడు దిండ్లు, పడుకునే ముందు గ్లాసు చల్లటి పాలు, రాత్రి భోజనం అయ్యాక ఓమెప్రజోల్ 20 మి.గ్రా. ఒకటి. భోజనం తొమ్మిదిన్నరకి, పడక పదిన్నరకి. వయసు 41. నడుము చుట్టూ కాస్త బరువుంది. మింగడంలో ఇబ్బంది లేదు, బరువు తగ్గడం లాంటివీ లేవు.

వీటిలో ఏది తప్పు, ఏది చాలట్లేదు? మాత్ర డోసు పెంచడం కన్నా ముందు అలవాట్లలో మార్చుకోదగ్గవి ఏమైనా ఉంటే వివరంగా చెప్పండి.

వాలుమంచం

కారం, మాత్ర సంగతి పక్కన పెడితే, మిగతా మూడూ మంటకే సాయం చేస్తున్నాయండీ. మాత్ర గురించి తెలిసినవాళ్లు చెప్తారు, నేను పడక, భోజనవేళల గురించి చెప్తాను.

ముందు లోపల ఏం జరుగుతుందో చూడండి. అన్నవాహిక పొట్టలో కలిసే చోట మూడు నాలుగు సెంటీమీటర్ల పొడవున కండరపు పట్టీ ఉంటుంది. మింగినప్పుడు తెరుచుకుని, మిగతా వేళ బిగిసి ఉండటం దాని పని. ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే ఊపిరి కండరం, డయాఫ్రమ్ కూడా అక్కడే ఒక చుట్టు బిగిస్తుంది. పొట్ట పైభాగం తిండితోనో గాలితోనో సాగితే, మనం ఏమీ మింగకపోయినా ఆ పట్టీ కొన్ని సెకన్లు వదులవుతుంది. తేన్పు బయటికి రావడానికి శరీరం పెట్టుకున్న ఏర్పాటు అది. మంటతో బాధపడే చాలామందికి యాసిడ్ అందరికంటే ఎక్కువేమీ ఊరదు. పట్టీ వదులైన ఆ క్షణాల్లో గాలితో పాటు యాసిడ్ కూడా పైకి వస్తుంది, అదే అసలు గొడవ. కాబట్టి ఏం తిన్నారన్నదాని కంటే ఎంత తిన్నారు, ఎప్పుడు తిన్నారు, తిన్నాక ఎలా ఉన్నారు అన్నవే ముఖ్యం.

తిండితో కలిసి యాసిడ్ పలచబడిపోతుందని అనుకుంటాం. పొట్ట అడుగున అది నిజమే. కానీ తిన్న తిండి పైన, సరిగ్గా ఆ పట్టీ కిందే, కొత్తగా ఊరిన యాసిడ్ ఒక పొరలా చేరుతుంది. తిన్న పావుగంటకి మొదలై గంటన్నర, రెండు గంటల దాకా అక్కడే ఉంటుంది. తొమ్మిదిన్నరకి తిని పదిన్నరకి పడుకుంటే ఆ పొర ఇంకా చెక్కుచెదరకుండా ఉన్నప్పుడే వెల్లకిలా వాలినట్టు. పైగా నిద్రలో మింగడం దాదాపు ఆగిపోతుంది, ఉమ్మి ఊరడం బాగా తగ్గుతుంది. పగలైతే పైకొచ్చిన యాసిడ్‌ని ఉమ్మిలోని బైకార్బొనేట్ విరిచేస్తుంది. రాత్రి కడిగే దిక్కు లేక అది అన్నవాహికలోనే చాలాసేపు నిలిచిపోతుంది. మీకు పగలు లేనిది రాత్రే రావడానికి కారణం ఇదే.

చేయాల్సింది: చివరి ముద్దకీ పడకకీ మధ్య కనీసం మూడు గంటలు. పదిన్నరకి పడుకోవాలంటే ఏడున్నరకల్లా భోజనం అయిపోవాలి. గట్టి తిండిలో సగం పొట్ట దాటడానికే సుమారు రెండు గంటలు పడుతుంది, నూనె, కొవ్వు ఎక్కువైతే ఇంకా ఆలస్యం. పని వేళల వల్ల ఏడున్నర కుదరకపోతే పెద్ద భోజనం మధ్యాహ్నానికి మార్చేసి, రాత్రికి ఇప్పుడు తింటున్నదాంట్లో సగం తినండి. మిగతా ఆకలికి సాయంత్రం ఆరింటప్పుడు ఏదైనా తినేస్తే రాత్రి సగం తినడం కష్టమనిపించదు. భోజనంతో పాటు చెంబెడు నీళ్లు తాగే అలవాటుంటే అదీ తగ్గించండి, నీళ్లూ పొట్టని సాగదీస్తాయి.

ఇక మూడు దిండ్లు. ఇవి తలనీ మెడనీ మాత్రమే లేపుతాయి, నడుము దగ్గర ఒళ్లు మడత పడి పొట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది. లేవాల్సింది మొండెం మొత్తం. రెండు దారులున్నాయి.

ఒకటి, మంచం తలవైపు రెండు కోళ్ల కింద దిమ్మలు పెట్టడం. ఎత్తు 15 నుంచి 20 సెంటీమీటర్లు. మొదటి వారం 10తో మొదలుపెట్టి పెంచితే ఒళ్లు అలవాటు పడుతుంది. దిమ్మ పైన కోడు కూర్చునేలా గుంట ఉండాలి, లేకపోతే అటూ ఇటూ కదిలినప్పుడు కోడు జారుతుంది. నిద్రలో కిందికి జారిపోతుంటే మోకాళ్ల కింద పలచటి దిండు పెట్టుకోండి, నున్నటి దుప్పటి తీసేసి నూలుది వేయండి.

రెండు, ఏటవాలు దిండు. పక్కన ఇంకొకరు పడుకునే మంచమైతే ఇదే నయం. ఎత్తైన అంచు 18-20 సెంటీమీటర్లు ఉండాలి, పొడవు నడుము దాకా రావాలి. భుజాల దగ్గరే ఆగిపోయే పొట్టివి కొంటే మళ్లీ మూడు దిండ్ల కథే. నురుగు మెత్తగా ఉన్నవి కొన్ని నెలల్లో అణిగిపోయి ఎత్తు సగమవుతుంది, గట్టిగా ఉన్నది చూసుకోండి.

పడుకునేటప్పుడు ఎడమవైపు తిరిగి పడుకోండి. ఎడమవైపు పడుకుంటే పొట్ట సంచి కిందికీ, అన్నవాహిక కలిసే చోటు పైకీ వస్తాయి. కుడివైపు తిరిగితే ఆ చోటు యాసిడ్‌లో మునిగినట్టే అవుతుంది. నిద్రలో దొర్లిపోతారనుకుంటే వీపు వెనక పొడవాటి దిండు ఆనించుకోండి.

మాత్రవేళ

ఓమెప్రజోల్ భోజనం అయ్యాక వేసుకోవడం వల్ల సగం వృథా అవుతోంది. దీన్ని చాలామంది యాంటాసిడ్ లాగా అనుకుంటారు. ఇది ఉన్న యాసిడ్‌ని విరవదు. యాసిడ్‌ని తోడే పంపుల్ని మూసేస్తుంది, అదీ అప్పటికి పనిచేస్తున్న పంపుల్ని మాత్రమే. పంపుల్ని లేపేది తిండి. రక్తంలో ఈ మందు ఒకటి రెండు గంటలకి మించి గట్టిగా ఉండదు. కాబట్టి మందు రక్తంలో పూర్తిగా ఉన్న సమయమూ, భోజనంతో పంపులు లేచే సమయమూ ఒకటి కావాలి. అందుకే భోజనానికి 30 నుంచి 60 నిమిషాల ముందు.

మామూలుగా ఉదయం టిఫినుకి ముందు ఇస్తారు, రాత్రంతా పస్తు తర్వాత పంపులు ఎక్కువ సిద్ధంగా ఉంటాయి కాబట్టి. మీకు బాధంతా రాత్రే కనుక రాత్రి భోజనానికి ముందు వేసుకోవచ్చేమో మీ డాక్టరుని అడగండి. ఏడున్నర భోజనమైతే ఆరున్నర, ఏడు మధ్య. డోసు రెట్టింపు చేసే ముందు వేళ సరిచేసి చూడటం న్యాయం.

ఇంకొన్ని:

క్యాప్సూల్ విప్పి గుళికలు నమలకూడదు, మాత్రైతే పొడి చేయకూడదు. పైపూత పోతే పొట్టలోని యాసిడ్‌కే మందు పాడైపోతుంది. మొదటి రోజే ఫలితం చూడకండి, పూర్తి బలం రావడానికి మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది. మంట వచ్చినప్పుడు ఒకటి వేసుకోవడం ఈ మందు విషయంలో అర్థం లేని పని. డాక్టరు చెప్పకుండా సొంతంగా 14 రోజులకి మించి వాడొద్దు. నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే, అన్నాళ్లూ అణిగి ఉన్న యాసిడ్ కొన్ని వారాల పాటు ఎక్కువగా ఊరుతుంది. అది చూసి జబ్బు తిరగబెట్టిందనుకుని మళ్లీ మొదలుపెట్టేవాళ్లు చాలామంది. డోసు సగానికి తగ్గించి కొన్నాళ్లు, ఆ తర్వాత రోజు విడిచి రోజు, అలా డాక్టరు చూస్తుండగా దిగాలి.

అప్పటికప్పుడు ఉపశమనానికి యాంటాసిడ్ ఉంది. నిమిషాల్లో పనిచేస్తుంది. ఖాళీ పొట్ట మీద వేస్తే అరగంట, గంటలో కిందికి జారిపోతుంది. భోజనమైన గంటకి వేస్తే రెండు మూడు గంటలు నిలుస్తుంది. మెగ్నీషియం ఉన్నవి విరేచనం చేయిస్తాయి, అల్యూమినియం, కాల్షియం ఉన్నవి మలబద్ధకం తెస్తాయి. అందుకే చాలావాటిలో మెగ్నీషియం, అల్యూమినియం రెండూ కలుపుతారు. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు ఇవి అడక్కుండా వాడకూడదు.

మీలాంటి రాత్రి మంటకి నాకు ఎక్కువ నచ్చేది ఆల్జినేట్ కలిసిన ద్రవం. ఇది పొట్టలో నురుగు తెప్పలా తేలి, పైన వాలుమంచం గారు చెప్పిన ఆ యాసిడ్ పొర మీద మూతలా కూర్చుంటుంది. భోజనం తర్వాత ఒకసారి, పడుకునే ముందు ఒకసారి, 10 నుంచి 20 మి.లీ. దాని మీద నీళ్లు తాగితే తెప్ప చెదిరిపోతుంది, అదే చివరిది కావాలి. సోడియం ఉంటుంది కాబట్టి బీపీ ఉన్నవాళ్లు సీసా మీద లెక్క చూసుకోండి.

ఎప్పుడో ఒక రాత్రి ఆలస్యంగా తినక తప్పని రోజుకి, యాసిడ్ ఊరడం తగ్గించే ఫామోటిడిన్ మాత్ర ఉంది. గంటలో పని మొదలై పది పన్నెండు గంటలు ఉంటుంది. రోజూ వేస్తే ఒకటి రెండు వారాల్లో ఒళ్లు అలవాటు పడి పట్టు తగ్గుతుంది, కాబట్టి అవసరమైన రాత్రులకే దాచుకోవాలి.

థైరాయిడ్ మాత్రకీ యాంటాసిడ్‌కీ మధ్య నాలుగు గంటలు, ఐరన్ మాత్రలకైతే కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్స్ వాడుతుంటే యాంటాసిడ్ ఎంత ఎడంతో వేయాలో మందు ఇచ్చినవాళ్లని అడగండి. కలిపి మింగితే యాంటాసిడ్ వాటిని ఒంటపట్టనివ్వదు. గుండె కోసం క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లు ఓమెప్రజోల్ గురించి డాక్టరుకి తప్పక చెప్పాలి, అది క్లోపిడోగ్రెల్ బలం తగ్గిస్తుంది.

పట్టికరాయండి

పాలు ఆపేయండి. గొంతులో చల్లగా దిగి కాసేపు యాసిడ్‌ని విరిచే మాట నిజమే. కానీ పాలలోని ప్రొటీన్, కాల్షియం మళ్లీ యాసిడ్ ఊరేలా చేస్తాయి, వెన్న ఉన్న పాలైతే పొట్ట ఖాళీ అవ్వడం కూడా ఆలస్యం. పడుకునే ముందు గ్లాసెడు పాలంటే పడుకునే ముందు చిన్న భోజనం చేసినట్టే.

తిండి జాబితాల మీద నాకు వేరే అభిప్రాయం ఉంది. కాఫీ, చాక్లెట్, పుదీనా, టమాటా, నిమ్మ జాతి పండ్లు, ఉల్లి, మద్యం, కూల్‌డ్రింకులు అంటూ పొడవాటి నిషేధ పట్టిక ఇచ్చేస్తారు. అన్నీ అందరికీ పడకపోవడం ఉండదు. అన్నీ ఒకేసారి మానేస్తే ఏది నేరస్థురాలో ఎప్పటికీ తెలియదు, పది రోజులకి విసుగొచ్చి మొత్తం వదిలేస్తారు. ఎందుకు పడవో తెలిస్తే ఏరుకోవడం తేలిక. కొవ్వు, చాక్లెట్, పుదీనా, మద్యం ఆ పట్టీని వదులు చేస్తాయి. గ్యాస్ ఉన్న పానీయాలు పొట్టని ఉబ్బించి అదే పని చేస్తాయి. టమాటా, నిమ్మ, కారం పట్టీ జోలికి పోవు గానీ, అప్పటికే ఒరిసిపోయిన అన్నవాహిక గోడకి నేరుగా మంట పుట్టిస్తాయి. అందుకే కారం మానేస్తే మంట తీవ్రత కాస్త తగ్గొచ్చు, యాసిడ్ పైకి రావడం మాత్రం ఆగదు. మీ విషయంలో జరుగుతున్నది అదే కావచ్చు.

రెండు వారాలు ఒక కాగితం మీద ఐదు గడులు గీయండి: తిన్న టైము, ఏం తిన్నారు, ఎంత (సగం పొట్ట, నిండుగా, మరీ ఎక్కువ), వాలిన టైము, మంట వచ్చిన టైము. రెండు వారాలకి ఒకటో రెండో అనుమానాలు బయటపడతాయి. అప్పుడు ఒక్కదాన్ని మాత్రమే వారం పాటు ఆపండి, మంట తగ్గితే రెండు రోజులు మళ్లీ తినండి. తిరిగొస్తే దోషి దొరికినట్టు, రాకపోతే వదిలేయండి. ఈ పరీక్ష చేసే రెండు వారాలూ భోజనవేళ, మాత్రవేళ మార్చకండి. రెండూ కలిపి మారిస్తే లెక్క తేలదు.

రాత్రిమెలకువ

చాలా ఉపయోగపడింది, ధన్యవాదాలు. రెండు సందేహాలు. అర్ధరాత్రి మంట లేచినప్పుడు నీళ్లలో వంట సోడా కలిపి తాగమని కొందరు, యాపిల్ సైడర్ వెనిగర్ తాగమని కొందరు అంటున్నారు. ఏది మంచిది? ఇంకోటి, పగలు కూర్చుని చేసే పనే, బెల్టు బిగువుగానే ఉంటుంది. దానికీ దీనికీ సంబంధం ఉందా?

మాత్రవేళ

వంట సోడా పనిచేస్తుంది, కానీ దాని ఖరీదు చూసుకోవాలి. అర చెంచాలో 600 మి.గ్రా. పైచిలుకు సోడియం ఉంటుంది. పెద్దవాళ్లకి రోజు మొత్తానికి 2000 మి.గ్రా. లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క, అంటే ఒక్క గుక్కలో దాదాపు మూడో వంతు. యాసిడ్‌తో కలిసి గ్యాస్ పుట్టి పొట్ట ఉబ్బుతుంది, పట్టీ మళ్లీ వదులవుతుంది. నిండు భోజనం మీద తాగితే పొట్ట చిట్లిన సందర్భాలు అరుదుగానైనా ఉన్నాయి. ఎప్పుడో ఒకసారి, వేరే ఏదీ అందుబాటులో లేకపోతే, అర చెంచా సోడా అర గ్లాసు నీళ్లలో పూర్తిగా కరిగాక నెమ్మదిగా తాగొచ్చు. బీపీ, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవాళ్లూ గర్భిణులూ అసలు ముట్టుకోవద్దు.

వెనిగర్ వద్దు. అది స్వయంగా యాసిడ్. యాసిడ్ తక్కువై మంట వస్తుందన్న వాదన ఎంత తిరుగుతున్నా, దానికి సరైన ఆధారం లేదు. ఒరిసిన గోడ మీద ఇంకొంచెం యాసిడ్ పోసినట్టవుతుంది, పళ్ల మీది ఎనామిల్‌కీ దెబ్బే.

అర్ధరాత్రి లేస్తే ముందు లేచి కూర్చోండి, రెండు మూడు గుక్కల నీళ్లు తాగండి. తర్వాత ఆల్జినేటో యాంటాసిడో. పది పదిహేను నిమిషాలు నిటారుగా ఉండి అప్పుడు ఎడమవైపు వాలండి.

వాలుమంచం

బెల్టుకి సంబంధం ఉంది. పొట్టని బయటినుంచి నొక్కేది ఏదైనా లోపలి ఒత్తిడి పెంచి యాసిడ్‌ని పైకి తోస్తుంది. తిన్న తర్వాత రెండు వేళ్లు సులువుగా దూరేంత వదులు ఉండాలి. నడుము చుట్టూ కొవ్వు లోపలినుంచి ఇరవై నాలుగ్గంటలూ చేసే పని కూడా అదే. అలవాట్లన్నిట్లో ఎక్కువ ఫలితం ఇచ్చేదీ, ఎక్కువ ఆలస్యంగా ఇచ్చేదీ బరువు తగ్గడమే. ఇప్పుడున్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గితే చాలామందిలో తేడా కనిపిస్తుంది. పొగతాగే అలవాటుంటే అది పట్టీని వదులు చేయడమే కాక ఉమ్మినీ తగ్గిస్తుంది.

తిన్నాక పావుగంట నుంచి అరగంట నెమ్మదిగా నడవండి. పరుగు, బరువులెత్తడం, వంగి చేసే పనులు రెండు గంటలు ఆగాక. కింద పడినవి తీసుకోవాలన్నా నడుము వంచకుండా మోకాళ్లు వంచి తీసుకోండి.

పొట్ట కదిలేలా ఊపిరి పీల్చడం కూడా సాధన చేయండి. డయాఫ్రమ్ చుట్టు గట్టిపడటానికి ఇది పనికొస్తుంది. నిటారుగా కూర్చుని ఒక చేయి ఛాతీ మీద, ఒకటి పొట్ట మీద పెట్టుకోవాలి. ముక్కుతో నాలుగు అంకెల సేపు పీల్చాలి, పొట్ట మీది చేయే లేవాలి, ఛాతీ మీది చేయి కదలకూడదు. ఆరు అంకెల సేపు వదలాలి. ప్రతి భోజనం తర్వాత ఐదు నుంచి పది నిమిషాలు. భుజాలు పైకి లేస్తుంటే తప్పుగా చేస్తున్నట్టు. తేడా తెలియడానికి నెల పడుతుంది, వారానికే వదిలేయకండి.

పగలు తిన్నాక అరగంట చక్కెర లేని చూయింగ్ గమ్ నమిలినా ఉమ్మి ఊరి మంట తగ్గుతుంది, పుదీనా రుచి కానిది తీసుకోండి.

గీతదాటొద్దు

అందరూ అలవాట్లు చెప్పారు కాబట్టి అలవాట్లతో ఆగకూడనివి నేను రాస్తాను.

ఛాతీలో బరువుగా, నొక్కుతున్నట్టు నొప్పి, చెమటలు, ఆయాసం, దవడకీ భుజానికీ చేతికీ పాకే నొప్పి, నడిచినా మెట్లెక్కినా పెరిగి ఆగితే తగ్గే నొప్పి. ఇవి గ్యాస్ అనుకుని యాంటాసిడ్ తాగి ఎదురుచూసేవి కావు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మధుమేహం ఉన్నవాళ్లలోనూ ఆడవాళ్లలోనూ గుండెపోటు అచ్చం అజీర్తిలా కనిపించవచ్చు. యాంటాసిడ్‌తో తగ్గింది కాబట్టి గుండె కాదు అన్న లెక్క కూడా తప్పే.

మింగినప్పుడు అడ్డుపడటం లేదా నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తం లేదా కాఫీ పొడి రంగులో వాంతి, నల్లటి జిగురు మలం, రక్తహీనత, ఆగని వాంతులు ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరుని కలవాలి. ఇవేవీ లేకపోయినా, వారానికి రెండు మూడు సార్లు మంట వస్తూ ఇన్ని మార్పులూ చేసి, డాక్టరు చెప్పిన మాత్ర సరైన వేళకి ఎనిమిది వారాలు వాడినా తగ్గకపోతే మళ్లీ కలవాలి. యాభై దాటిన మగవాళ్లు, అందులోనూ ఏళ్ల తరబడి మంట ఉండి, పొగ అలవాటో పొట్ట దగ్గర లావో ఉన్నవాళ్లు, ఒకసారి ఎండోస్కోపీ (గొట్టం వేసి లోపల చూసే పరీక్ష) అవసరమా అని అడగడం మంచిది.

మీరు వాడే ఇతర మందుల పట్టిక కూడా తీసుకెళ్లండి. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు, ఆస్పిరిన్, బీపీకి వాడే ఆమ్లోడిపిన్, ఆస్తమాకి వాడే థియోఫిలిన్, బరువు తగ్గడానికి వాడే సెమాగ్లుటైడ్ వల్ల కూడా మంట రావచ్చు. సొంతంగా ఆపేయకండి, మార్చగలరేమో అడగండి. డాక్సీసైక్లిన్, ఎముకల కోసం ఇచ్చే ఆలెండ్రోనేట్ అయితే గ్లాసు నిండా నీళ్లతో మింగి అరగంట పడుకోకుండా ఉండాలి, లేదంటే మాత్ర అన్నవాహికలోనే అతుక్కుని పుండు చేస్తుంది.

ఎండోస్కోపీ మామూలుగా వచ్చిందని అంతా భ్రమే అని ఎవరైనా అంటే నమ్మకండి. రిఫ్లక్స్ (యాసిడ్ ఇలా పైకి రావడం) ఉన్నవాళ్లలో ఎక్కువమందికి గోడ మీద పుండేమీ కనిపించదు. అలాంటప్పుడు ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి 24 గంటలు యాసిడ్ ఎన్నిసార్లు పైకి వచ్చిందో లెక్కపెట్టే పీహెచ్ పరీక్ష ఉంది. మామూలుగా దానికి వారం ముందు నుంచి ఓమెప్రజోల్ ఆపమంటారు. ఆపమని చెప్పడం మరిచిపోయినట్టుంటే మీరే గుర్తుచేయండి.